ముప్ఫై ఒక్క పేర్లు

నవంబరు 10, సోమవారం

డైరీలు అచ్చువేసేవాళ్లకు కూడా దైవభయం పోయింది. గీతలు ఉన్నాయో లేవో తెలియనంత పలచగా వేశారు. పోయిన ఏడాది ఇలా లేదు.

సత్యలక్ష్మి కబురు చేస్తే వెళ్లాను. షేక్‌పేట వైపు దిగే సందులో, రోడ్డు మట్టానికే ఉన్న గదిలో ఆమె సంస్థ. గుమ్మం మీద సమదారి అని బోర్డు. తొమ్మిదేళ్లుగా వికలాంగుల హక్కుల కోసం ఆఫీసులన్నీ ఎక్కి దిగుతోంది, చక్రాల కుర్చీలో కూర్చునే. ఎక్కి దిగుతోంది అన్నది నా మాట. ఆమెనడిగితే "ఎక్కనిస్తే గద" అంటుంది.

డిసెంబరు మూడున దాతలందరికీ కృతజ్ఞతా సభ. వందన సమర్పణ నేను చేయాలట.

"నువ్వే చెప్పమ్మా, నీ నోట వింటే దాతలకు బాగుంటుంది" అన్నాను.

"నా నోటికి రాదు జోజన్నా. మాది హక్కు, బిచ్చం కాదు అని పొద్దుగాల ధర్నాల ఒర్రి, మాపటికి శాలువా పట్టుకొని దండాలు పెట్టాల్నంటే నాకే నవ్వొస్తది. పెట్టకపోతే బండి ఆగుతది. నీ గొంతు జర కిరాయికియ్యి."

బండి అంటే కుర్చీలతో సహా ఎక్కే వ్యాను. ఇరవై ఇద్దరు అందులోనే కాలేజీలకూ ఉద్యోగాలకూ వెళుతున్నారు.

"కిరాయెంత?" అన్నాను.

"చాయ్. చక్కెర వేసి."

మోషేకు నోరు తిరగనప్పుడు అహరోను మాట్లాడాడు. ఇది పిలుపే. ఒప్పుకున్నాను.

లేస్తుంటే పాత మాట ఎత్తింది. "పన్నెండేండ్ల కింద మా అమ్మ శకుంతలమ్మ నిన్ను ప్రార్థనకు ఇంటికి పిల్చింది, యాదికున్నదా? తల మీద చెయ్యి పెట్టి లేచి నడువు అన్నవ్. నేను లేవలే. విశ్వాసం చాలలేదన్నవ్."

గుర్తులేదన్నాను.

గుర్తుంది.

నవంబరు 12, బుధవారం

ఇరవై ఆరేళ్లుగా తెలుగు సినిమాల డబ్బింగులో జడ్జీలకూ, కమిషనర్లకూ, గుడి పూజారులకూ నా గొంతే. పూజారులకు చెప్పేటప్పుడు లోపల ప్రభువును క్షమాపణ అడుగుతాను. ఈ రోజు ఒక జడ్జి. నాలుగు వాక్యాలు. వినగానే నోటికి వచ్చేశాయి. ఇంజినీరు చంటి మూడుసార్లు ఆపాడు.

"జోజి గారూ, పెదవి కలవట్లేదండి."

తెర మసకగా ఉంది, మార్చమని చెప్పాను. వాడు లేచాడు. బయటకు వచ్చి టీ ఇప్పించాడు. మధ్యాహ్నం ఇంకెవరినో పిలిచారట. తెర మార్చడం కన్నా మనిషిని మార్చడం సులువు. ఈ లోకం తీరు ఇంతే.

నవంబరు 13

ముందు గదిలో వెలుతురు పెరిగింది. మనం అడగకముందే ఇచ్చేవాడు ఆయన.

నవంబరు 16, ఆదివారం

యూసుఫ్‌గూడ ఆరాధనలో పదిమంది కుష్ఠురోగుల మీద చెప్పాను. పదిమందీ బాగుపడితే ఒక్కడు తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడు. ఆ తొమ్మిదిమంది ఎక్కడ? బల్ల గుద్ది అడిగాను. "మీ ఇంట్లో మీకు సేవ చేస్తున్నవాళ్లకు ఎప్పుడైనా వందనం చెప్పారా?" అన్నాను. ముందు వరుసలో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారట.

బైబిలు తెరవకుండా గంటసేపు చెబుతున్నానని అందరికీ ఆశ్చర్యం. అన్నీ గుండెలో ఉన్నాయి, తెరవడం ఎందుకు? ఈ మధ్య వచ్చే బైబిళ్ల అచ్చు కూడా ఏమంత బాగుండటం లేదు.

ఫిలోమినా చివరి వరుసలో కూర్చుని జపమాల తిప్పుకుంటూనే ఉంది. వాళ్లది ఆర్‌సీఎం కుటుంబం, రోమన్ క్యాథలిక్కులు. పెళ్లయి ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ పూసలు మానమని చెబుతూనే ఉన్నాను.

ఇంటికి రాగానే అన్నం పెట్టు అన్నాను. పెట్టింది.

నవంబరు 18, మంగళవారం

ఫిలోమినాకు కళ్లజోడు మార్పించాలంటే తోడు వెళ్లాను. అక్కడికి వెళ్లాక తెలిసింది, చీటీ నా పేరు మీద ఉంది. మనుషుల్లో మోసం ఏ స్థాయికి చేరింది.

ఒక గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టమన్నారు. వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు కూర్చున్నాను. "మొదలుపెట్టండమ్మా" అన్నాను. ఆ పిల్ల నెమ్మదిగా "సగం అయిపోయిందండీ" అంది.

యంత్రం పాడైనట్టుంది.

డాక్టరు నీటికాసులు, గ్లకోమా అన్నాడు. కంటి నరం ఎండిపోతోందట. పోయింది రాదట. ఉన్నది నిలుపుకోవడానికి చుక్కల మందు జన్మంతా వేసుకోవాలట. ఇది ఎవరికీ చెప్పవలసిన సంగతి కాదు. చూపు కోసం నేను ప్రార్థన చేసినవాళ్లు యూసుఫ్‌గూడలోనే ఎనిమిదిమంది ఉన్నారు. రేపు నన్ను చూసి వాళ్లేమనుకుంటారు? బల్ల దగ్గర నిలబడే అర్హత ఏముంటుంది?

డాక్టరు చీటీ బైబిల్లో పెట్టి మూసేశాను.

నవంబరు 19

చుక్కలు వేయించుకున్నాను. ఫిలోమినా మనశ్శాంతి కోసం.

నవంబరు 22, శనివారం

జాబితా వచ్చింది. ముప్ఫై ఒక్కమంది దాతలు. కార్యక్రమం చూసుకునే ప్రణవి అనే అమ్మాయి ఫోనులో గట్టిగా చెప్పింది, "అంకుల్, ఆర్డర్ మాత్రం ఇంపార్టెంట్. టైటిల్ కార్డ్స్‌లాగే. ఒక్క పేరు అటూ ఇటూ అయితే నాకు కాల్స్ మీద కాల్స్ వస్తాయి." సినిమావాళ్లకు పరలోకంలో కూడా పేర్ల వరుస ముందే చెప్పాలి.

చదవడం అలవాటు తప్పకూడదని ఫిలోమినాచేత చదివించాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒక్కో పేరు చెప్పడం, నేను అప్పజెప్పడం. కీర్తనలు కంఠస్థం చేసినట్టే.

"వేంకటరమణ గారు ఇరవై రెండండీ. మీరు ఇరవై మూడులో పెట్టారు."

"ఒక్కటేగా."

"ఆయన నిర్మాత. హాలు కూడా ఆయనదే. ఒక్క మెట్టు దిగినా ఊరుకోరు వీళ్లు."

మధ్యాహ్నానికి తప్పు లేకుండా వచ్చేసింది. ఎవరి సాయమూ లేకుండా ముప్ఫై ఒక్క పేర్లు. ఈ వయసులో ఈ జ్ఞాపకశక్తి ఆయన వరం.

నవంబరు 25

బల్ల మీద బాల్‌పెన్ను పోయి నల్లటి లావు స్కెచ్ పెన్ను వచ్చింది. గడప అంచుకు ఎవరో పసుపు టేపు అంటించారు, ఇంటి ఓనరు అయి ఉంటాడు. ఎడారిలో తినడానికి మన్నా కురిపించినవాడికి ఇవొక లెక్కా.

నవంబరు 27, గురువారం

హాలు చూసి వచ్చాను. జూబ్లీహిల్స్, వేంకటరమణ గారి ప్రివ్యూ థియేటరు. మొదటి అంతస్తు. లిఫ్టు లేదు. పద్నాలుగు మెట్లు. ఊరికే లెక్కపెట్టాను, అలవాటు.

బయట నిలబడి సత్యలక్ష్మికి ఫోను చేశాను. "అమ్మా, మెట్లున్నాయి."

"తెల్సు."

"మరి మీవాళ్లు?"

"ఉత్తగ ఇచ్చిండు జోజన్నా. ఉత్తగ ఇచ్చిన హాలుకు మెట్లున్నయని ఎట్లంటం? కృతజ్ఞత సభ గద."

"ధర్నాల్లో అంత గట్టిగా మాట్లాడతావు."

"ధర్నా గవర్నమెంటు మీద. ఈయన బండికి డీజిలు పోయిస్తుండు."

యెరికో గోడలు కూలాయి. ఈ పద్నాలుగు మెట్లు నిలబడే ఉన్నాయి. ఇందులో దేవుని ఉద్దేశం ఏమిటో.

డిసెంబరు 3, బుధవారం

ఇంటికి రాగానే రాస్తున్నాను. 

మూడు గంటలకు సభ. నలుగురు లైట్‌మెన్ సత్యలక్ష్మిని కుర్చీతో సహా ఎత్తారు. ముందు పట్టుకున్నవాడు హనుమంతు, పాత షూటింగుల నుంచి నాకు తెలిసినవాడు. నేను రెయిలింగు పట్టుకుని, ఒకటి రెండు అనుకుంటూ వెనకాలే ఎక్కాను.

"అక్కా, జర కదలకు."

"కదలొస్తే నేనే ఎక్కకపోదునా హనుమంతూ."

"పద్నాలుగే మెట్లక్కా, అయిపాయె."

"పద్నాలుగే అని నీ నడుముకు చెప్పు."

మిగిలిన పదకొండు కుర్చీలనూ ఎత్తడానికి మనుషులు చాలలేదు. వాళ్లను కింద సెల్లార్లో కార్ల మధ్య ఒక టీవీ ముందు కూర్చోబెట్టారు. వాళ్ల సభ వాళ్లకు లైవ్‌లో. సమోసాలు మాత్రం సరిగ్గానే పంపారట.

పైన శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. సమదారి మీద చిన్న వీడియో వేశారు, అందులో ర్యాంపుల అవసరం గురించి వేంకటరమణ గారే చక్కగా మాట్లాడారు. ఆ తర్వాత నన్ను పిలిచారు. సత్యలక్ష్మి కుర్చీ పక్కన నిలబడ్డాను. నోట్లో ముప్ఫై ఒక్క పేర్లు వరుసగా, సిద్ధంగా ఉన్నాయి. ప్రణవి పరుగున వచ్చి చేతిలో కాగితం పెట్టింది.

"అంకుల్, లిస్ట్ మారింది. పాతది అస్సలు చదవద్దు ప్లీజ్. ఇద్దరు డ్రాప్ అయ్యారు, నలుగురు యాడ్ అయ్యారు, వేంకటరమణ సార్ పేరు లాస్ట్‌లో రావాలి. అంతా ఇందులో ఉంది."

నాకు వచ్చిన పేర్లు చెప్పకూడదు. చెప్పాల్సిన పేర్లు కాగితంలో ఉన్నాయి. కాగితం తెల్లగా ఉంది. అంతవరకే కనిపించింది. స్టేజీ లైట్లు సరిగ్గా కళ్లలోకి పెట్టారు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరో దగ్గారు. ఫోను ఎవరిదో మోగి ఆగింది. అప్పుడు నా గొంతు దానంతటది లేచింది. భయం ఎక్కువైన కొద్దీ నా గొంతు పెరుగుతుంది. ఇన్నేళ్లుగా జనం దాన్ని ఆత్మబలం అనుకుంటున్నారు.

"కపెర్నహూములో ఒక ఇల్లు" అన్నాను. "గుమ్మం నిండా జనం. లోపలికి పోవాల్సినవాడు పక్షవాయువుగలవాడు. నలుగురు మోసుకొచ్చారు. ఒక్కడూ పక్కకు జరగలేదు. ఆ నలుగురూ ఇంటి మీదికెక్కి, కప్పు విప్పి, అతణ్ణి పరుపుతో సహా కిందికి దింపారు. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఈ రోజు నేను ఆ పేర్లే చెబుతాను. హనుమంతు. మిగతా ముగ్గురూ ఎక్కడున్నారయ్యా, లేచి మీ పేర్లు మీరే చెప్పండి."

వెనక గోడ దగ్గర నుంచి మూడు పేర్లు వినబడ్డాయి, ఒకటి కన్నా ఒకటి నెమ్మదిగా.

"వందనాలు. కింద కార్ల మధ్య పదకొండుమంది ఉన్నారు. మనం ఎవరి పేరు మీద ఇక్కడ శాలువాలు కప్పుకుంటున్నామో వాళ్లు. టీవీలో మనల్ని చూస్తున్నారు. దాతలారా, మీకు దణ్ణం పెడతాను. కానీ దణ్ణం పెట్టడానికి పైకి రావాలి కదా. ఈ ఇంటికి దారి పెట్టండి. లేకపోతే వచ్చే ఏడాది కప్పు విప్పి దిగుతాం."

మొదటి చప్పట్లు కింద నుంచి వచ్చాయి. నేల అడుగు నుంచి. తర్వాత హాలంతా లేచింది. వేంకటరమణ గారు కూడా లేచి, మైకు తీసుకుని, సంక్రాంతిలోగా ర్యాంపు కట్టిస్తానన్నారు. దాని ప్రారంభోత్సవానికి పెద్ద కృతజ్ఞతా సభ పెట్టుకుందామన్నారు. బండి ఇంకో ఏడాది నడుస్తుందని కూడా చెప్పేశారు.

దిగేటప్పుడు ప్రణవి గొంతు ఏడుపులా ఉంది. "అంకుల్, నా లిస్ట్?"

"దేవుడు మార్చాడమ్మా."

జాబితాను నేను ఉద్దేశపూర్వకంగానే పక్కన పెట్టాను. ఇది ఇక్కడ రాసి ఉంచడం మంచిది.

డిసెంబరు 4, గురువారం

వీడియో అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. దాతల పేర్లు చదవడానికి నిరాకరించిన బోధకుడు అని పెట్టారట. మూడు సంఘాలు ప్రసంగానికి పిలిచాయి. చంటి కూడా ఫోను చేశాడు. "భలే ధైర్యమండీ మీకు" అన్నాడు. జడ్జి డబ్బింగులేమైనా ఉన్నాయా అని అడిగాను. చూస్తానన్నాడు.

ఉద్దేశపూర్వకంగానే.

డిసెంబరు 5, శుక్రవారం

సత్యలక్ష్మి ఫోను.

"మంచిగ మాట్లాడినవ్ జోజన్నా. మావోళ్లు నిన్ను మస్తు మెచ్చుకుంటున్నరు. ఒకటడుగుత. కాయితం తలకిందులెందుకు పట్టుకున్నవ్?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ముందున్నోళ్లకు ఎనుక భాగమే కనబడ్డది. నేను నీ పక్కకే, కిందకెల్లి చూస్తున్న. పేర్లన్ని శీర్షాసనం ఏసినయి. ఎన్నాళ్ల సంది?"

లైట్ల సంగతి చెప్పాను. కాగితం నాణ్యత గురించి చెప్పాను. ఆమె అంతా విన్నది.

"విశ్వాసం చాలలేదా అన్నా?" అంది. మళ్లీ తనే, "అనొద్దనుకున్న. పన్నెండేండ్ల సంది నోట్లనే ఉండె, జారింది" అని పెట్టేసింది.

డిసెంబరు 6

ఆమెకు అహంకారం.

ఆమెకు కాదు.

డిసెంబరు 7, ఆదివారం

యూసుఫ్‌గూడ హాలు నిండి మెట్ల మీద కూడా నిలబడ్డారు. వీడియో చూసి వచ్చినవాళ్లు. ఆరాధన అయ్యాక టోలిచౌకి నుంచి ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల పేరు స్ఫూర్తి, ఐదో తరగతి. చూపు తగ్గిపోతోందట. స్కూల్లో బోర్డు కనబడక, పక్క పిల్ల పుస్తకంలోంచి రాసుకుంటుందట.

"మీరు ప్రార్థన చెయ్యండి అయ్యగారూ. ఎంత విశ్వాసం కావాలన్నా తెచ్చుకుంటాం" అంది తల్లి.

చుట్టూ అందరూ దగ్గరికి జరిగారు. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పనే. పిల్ల తల మీద పెట్టాలని చెయ్యి చాచాను. చెయ్యి కిందికి వచ్చింది, తల తగల్లేదు. ఇంకొంచెం పక్కకు జరిపాను. అక్కడా లేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది.

పిల్ల ఒక అడుగు వేసి తన తల తెచ్చి నా చేతి కింద పెట్టింది.

పెట్టి, నాకు మాత్రమే వినబడేలా అంది, "తాతా, నీక్కూడానా?"

లేచి నడువు అన్న నోరే ఇది. విశ్వాసం చాలలేదని ఆ తల్లి శకుంతలమ్మతో అన్న నోరే. వాక్యాలన్నీ గుండెలో ఉన్నాయి అని రాసుకున్నాను కదా. వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

"నాక్కూడా" అన్నాను. గొంతు పెంచకుండానే అన్నాను కానీ హాలంతా విన్నది. డబ్బింగు గొంతు, దాస్తే దాగదు. "పాప విశ్వాసంలో లోటేమీ లేదమ్మా. నా చూపు కూడా పోతోంది. రేపు షేక్‌పేటలో సమదారి ఆఫీసుకు తీసుకురా. పెద్ద అక్షరాల పుస్తకాలు వాళ్లు ఇప్పిస్తారు. నేనూ వస్తాను. నాకూ పని ఉంది."

తర్వాత ప్రార్థన చేశాను. దేనికోసం చేశానో ఇక్కడ రాయను.

వెళ్లేటప్పుడు ఇద్దరు ముగ్గురు కరచాలనం చేయకుండా వెళ్లిపోయారు. ఇద్దరో ముగ్గురో, సరిగ్గా కనబడలేదు.

ఇది రాయగలిగాను.

డిసెంబరు 8, సోమవారం

సమదారికి వెళ్లాను. సర్టిఫికెట్టు దరఖాస్తు నింపించారు. వైకల్యం అన్న గడి దగ్గర సత్యలక్ష్మి ఆగింది.

"ఏం రాయాలె అన్నా? లైట్లు కళ్లల్ల కొట్టినయని రాయాల్నా?"

"చూపు అని రాయమ్మా."

రాసింది. చాయ్ ఇచ్చింది, చక్కెర వేసి. "బండిల నీకో సీటున్నది. కర్ర పట్టుకొని నడుసుడు నేర్పేటోళ్లు మంగళవారం వస్తరు. ఎవలకూ వందన సమర్పణ అవసరం లేదు."

పన్నెండేళ్ల కిందటి మాటకు క్షమించమని అడిగాను. ఆమె చాలాసేపు కాగితాలు సర్దుకుంది.

"నాతోని కాదు, మా అమ్మతోని చెప్పు. నాకు విశ్వాసం లేదని అప్పటి సంది ఇంట్ల శనివారాలు ఉపాసాలు చేస్తనే ఉన్నది."

శకుంతలమ్మగారికి ఫోను చేశాను. ఏం చెప్పానో ఆమెకు సగమే అర్థమైంది. "అయితే శనివారం తినొచ్చునా అయ్యగారూ?" అంది. తినమన్నాను.

డిసెంబరు 10, బుధవారం

ఇక్కడి నుంచి రాత ఫిలోమినాది. నేను చెబుతున్నాను, ఆమె రాస్తోంది. డైరీ అంటే మనిషి తనకోసం తాను రాసుకునేదని ముందే హెచ్చరించాను. "తెలుసు. రోజూ దుమ్ము దులిపేది నేనే" అంది. ఎంతవరకు చదివావని అడగలేదు.

వేంకటరమణ గారి ర్యాంపు పని మొదలైంది. ప్రారంభోత్సవ సభ జనవరి తొమ్మిదిన. వందన సమర్పణ మళ్లీ నాదే. కొత్త జాబితాలో దాతలు ముప్ఫై ముగ్గురు, ఆ నలుగురు లైట్‌మెన్‌తో కలిపి ముప్ఫై ఏడుగురు. ఈసారి వరుస ఎలా ఉన్నా పర్వాలేదని ప్రణవే చెప్పింది. ఆ అమ్మాయి కూడా మారింది, లేదా అలిసిపోయింది.

ఫిలోమినా పేర్లు చదువుతోంది, నేను అప్పజెబుతున్నాను. ఇరవై రెండు దగ్గర ఆగి, "స్కెచ్ పెన్ను అయిపోవస్తోంది. కొత్తది తేవాలి" అంది.

"అది నువ్వు తెచ్చావా?"

"టేపు కూడా. బల్బు కూడా."

"దేవుడు పంపాడనుకున్నాను."

"పంపే ఉంటాడు. కొట్టుకు ఎవరిని పంపాడనుకున్నారు?"

ఈ మాట రాయొద్దన్నాను. రాసేసింది.

జాబితా చివర ఇంకొక్క పేరు చేర్చమన్నాను. ఆమె పెన్ను కదలలేదు.

"నా చేత్తో నా పేరు రాసుకుని, నాకు నేనే వందనం చెప్పుకోనా? అంత సినిమా వద్దు. కావాలంటే మీరే రాయండి."

పెన్ను నా చేతిలో పెట్టి, వేలు ఎక్కడ మొదలుపెట్టాలో ఆనించి వదిలేసింది. రాశాను.

ఫిలోమినా

మళ్లీ రాత ఆమెది. అక్షరాలు మరీ పెద్దవైపోయాయట. చివరిది అంచు దాటి, పక్క పేజీలో, రేపటి తేదీ మీద పడిందట. కొట్టేయమన్నాను.

"ఉండనీయండి. రేపు కూడా చదివేది నేనేగా" అంది.